షకుహాచి ఊదడానికి ఎక్కువసేపు మోగే చోటే మంచిదా?

జపాన్ వెదురు వేణువు షకుహాచి నేర్చుకుంటున్నారు, గుహల్లో, ఖాళీ నీళ్ల ట్యాంకుల్లో ఊదిన వీడియోలు చూశారు, చోటు ఎంత ఎక్కువ మోగితే అంత మంచిదా అని అడిగారు.

కాదు. చోటు మోగే కాలం మీ ఊపిరికి సరిపోవాలి. ఒక దమ్ములో కింది స్వరం పది పదిహేను సెకన్లు నిలబెట్టగలిగేవాళ్లకు నాలుగు నుంచి ఎనిమిది సెకన్లు మోగే చోటు చాలు. కొముసోలు, అంటే షకుహాచి ఊదుతూ తిరిగిన జెన్ బౌద్ధ సన్యాసులు, వాయించిన హొన్‌క్యోకు అనే కృతులు ఊపిరికి ఒక్క వాక్యంగా నడుస్తాయి. వాక్యానికీ వాక్యానికీ మధ్య నిశ్శబ్దం కూడా కృతిలో భాగమే. 18వ శతాబ్దంలో షకుహాచి గురువు కురొసావా కింకో ఊరూరా సేకరించిన 36 కృతులూ ఈ పద్ధతివే. ఆ ఖాళీని గోడల మోత నింపేస్తే ఇక వినడానికి ఏం మిగలదు. కాబట్టి హొన్‌క్యోకు కోసమైతే రాతి చర్చి, నాలుగైదు అంతస్తుల కాంక్రీటు మెట్లదారి, బళ్లు లేని బేస్‌మెంట్ పార్కింగ్ లాంటివి వెతకండి. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి చూసి అలాంటి కట్టడాలే కావాలనుకుంటారు కొందరు. అది శబ్దాన్ని దూరానికి మోసుకెళ్లే ఏర్పాటు. మనకు కావలసింది శబ్దం ఉన్నచోటే నిలవడం.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. టకటకమని గొలుసులా వినిపిస్తే రెండు గోడలు ఎదురెదురుగా ఉండి శబ్దాన్ని బంతిలా విసురుకుంటున్నాయన్నమాట, మూలకు జరగండి. తర్వాత అన్ని రంధ్రాలూ మూసి 'రో' ఊదుతూ 30 సెంటీమీటర్ల చొప్పున జరగండి. 1.8 షకుల (షకు అంటే దాదాపు 30 సెంటీమీటర్లు) వేణువులో రో అంటే డి స్వరం, దాదాపు 294 హెర్ట్జ్, మన లెక్కలో రెండు శ్రుతి. దాని తరంగం పొడవు 1.17 మీటర్లు. అందులో పావు వంతు జరిగితే చాలు, ఇరుకు చోట్లలో అదే స్వరం ఒకచోట ఉబ్బిపోతుంది, పక్కనే చచ్చిపోతుంది. కుదిరిన చోట నేల మీద టేపు అంటించుకోండి.

ఇక పెద్ద ట్యాంకుల సంగతి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు పోర్ట్ టౌన్సెండ్ దగ్గర, ఫోర్ట్ వోర్డెన్‌లో భూమి కింద పాత నీళ్ల ట్యాంకు ఒకటుంది. 20 లక్షల గ్యాలన్లు పట్టే గుండ్రటి కాంక్రీటు గది, వ్యాసం 57 మీటర్లకు కాస్త తక్కువ, లోపల 89 స్తంభాలు. శబ్దం 45 సెకన్లు నిలుస్తుంది. 1988లో పాలీన్ ఒలివెరోస్ అకార్డియన్‌తో, స్టువర్ట్ డెంప్‌స్టర్ ట్రాంబోన్‌తో అక్కడ రికార్డు చేశాక ఈ పిచ్చి లోకమంతా పాకింది. అలాంటి చోట షకుహాచి ఏమవుతుందో చెప్తాను.

మీరు రో ఊది ఆపుతారు. అది ఇంకా పోదు. ఇప్పుడు దాని పై స్వరం 'త్సు'ను గడ్డం దించి మెరి చేస్తే, అంటే శ్రుతి తగ్గిస్తే, 311 హెర్ట్జ్ వస్తుంది. పాత 294తో కలిసి సెకనుకు 17 అదురులు, గరగరమంటుంది. అదే రో మీద 'రే' (మధ్యమం) గానీ 'చీ' (పంచమం) గానీ వేస్తే హాయిగా ఒదిగిపోతుంది. నేరుగా రంధ్రాలు తెరిస్తే వచ్చే ఐదు స్వరాలూ మన శుద్ధ ధన్యాసివే కాబట్టి మనవాళ్ల చెవికి ఇది వెంటనే అందుతుంది. అక్కడ అర స్వరాలను జారుడుగా తాకి వదలాలి, నిలపకూడదు. రో చివర్లో ఊపిరి తగ్గి శ్రుతి 20 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) దిగినా మీ పాత స్వరంతో మీరే కొట్టుకుని సెకనుకు మూడుకు పైగా అలలు లేస్తాయి. ఏ ట్యూనర్ యాప్ కంటే నిక్కచ్చిగా తప్పు చెప్తుంది ఆ గది. మురైకి, అంటే గాలిరొద కలిపి విసిరే ఊదుడు, అక్కడ పెద్దగా పనికిరాదు. 4,000 హెర్ట్జ్ పైన ఉన్న సన్నటి రొదను గోడలతో పనిలేకుండా గాలే ఏడెనిమిది సెకన్లలో మింగేస్తుంది. మంద్ర స్వరమే మిగులుతుంది.

ఇరవైమంది స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అంత పెద్ద ట్యాంకులో కూడా మొత్తం శోషణ, అంటే శబ్దాన్ని పూర్తిగా మింగేసే వైశాల్యం లెక్కన, సుమారు 27 చదరపు మీటర్లే. ఒక్కో మనిషి, బట్టలతో సహా, అర చదరపు మీటరు కలుపుతాడు. ఇరవైమంది చేరితే 45 సెకన్లు కాస్తా 33కి పడిపోతాయి. ఇద్దరు ముగ్గురు చాలు, దుప్పట్లూ బ్యాగులూ బయటే పెట్టండి. రికార్డింగులోనూ ఇదే అజ్ఞానం. అక్కడ నోటికి ముప్పావు మీటరు దాటితే వేణువు కంటే గోడలే ఎక్కువ వినిపిస్తాయి. మూడు మీటర్ల దూరంలో ఫోను పెట్టి, ఏమీ తెలియట్లేదని తర్వాత కంప్యూటర్లో సరిచేయబోతారు. ఒక మైకు అర మీటరులో, ఇంకోటి దూరంగా పెట్టి, రెండూ కలుపుకోవాలి.

మూతపడి ఉన్న ట్యాంకులోకీ, పాడుబడ్డ బావిలోకీ ఎంత మోగినా దిగొద్దు. ఇనుము తుప్పు పడుతూ లోపలి ఆక్సిజన్ తినేస్తుంది. షకుహాచి ఊదితే మామూలుగానే తల తిరుగుతుంది కాబట్టి ప్రమాదం మొదలైనా గుర్తుపట్టలేరు. గాలి ఆడే మార్గం, బాధ్యుల అనుమతి, బయట ఒక మనిషి తప్పనిసరి. గబ్బిలాలున్న గుహను వదిలేయండి.

చివరగా చలి. జపాన్‌లో ఉత్సునోమియా దగ్గర ఒయా రాతి గని 1986లో తవ్వకం ఆపేసింది. 20,000 చదరపు మీటర్ల ఆ భూగర్భంలో ఇప్పుడు మ్యూజియం ఉంది, కచేరీలూ జరుగుతుంటాయి. సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీలు. అంత చల్లటి వెదురులోకి వెచ్చటి ఊపిరి పంపితే లోపలి గోడ ఉబ్బుతుంది, బయటి గోడ ఉబ్బదు, పగులుతుంది. ముందు పావుగంట చొక్కా లోపల పెట్టుకుని వెచ్చబరచండి. గాలి ఒక్కో డిగ్రీ చల్లబడితే శ్రుతి సుమారు మూడు సెంట్లు దిగుతుంది. మీ ఊపిరి వేడి అందులో కొంత పూడుస్తుంది, మిగతాది గడ్డం కాస్త పైకెత్తి సర్దుకోవాలి. ఊదే అంచు దగ్గర నీటి బొట్టు చేరితే స్వరం బొంగురుపోతుంది, కాబట్టి పది నిమిషాలకోసారి గుడ్డ లాగి తుడవండి. బయటికొచ్చాక వేణువు లోపల తుడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, హీటరు ఉన్న గదిలో వెంటనే తెరవకుండా రెండు గంటలు అలాగే ఉంచండి.