మా పాప ఇంట్రోవర్ట్ అంట, మార్చాలా మేడమ్?

ప్రశ్న: మేడమ్, మాది కావలి. మా పాప నెల్లూరులో బీటెక్ థర్డ్ ఇయర్, హాస్టల్లో ఉంటది. మొన్న ఫోన్లో ఏదో పర్సనాలిటీ టెస్ట్ రాసి, నేను ఇంట్రోవర్ట్‌ని, ఇంక నన్ను ఏ ఫంక్షన్‌కీ పిలవొద్దమ్మా అంటోంది. పోయిన నెల ఒంగోల్లో మా ఆడపడుచు కూతురి పెళ్లిలో స్టేజీ ఎక్కమంటే ఎక్కలా, స్టోర్ రూమ్‌లో మా పెద్దమ్మతో తాంబూలం సంచులు సర్దుతా రెండు గంటలు కబుర్లు చెప్పింది. ఈయనేమో ఇట్టయితే ఉద్యోగం ఎట్టొస్తది, ఏదన్నా క్లాసులో చేర్పించి మారుద్దాం అంటున్నారు. ఇదేమన్నా జబ్బా?

జవాబు: జబ్బు కానే కాదమ్మా, ముందు ఆ భయం వదిలేయండి. ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అనే ఈ మాటల్ని జనంలోకి తెచ్చింది కార్ల్ యూంగ్ అనే స్విట్జర్లాండ్ సైకియాట్రిస్ట్, 1921లో పుస్తకం రాశాడు, మనసు లోపలికి ఎక్కువ మళ్లుతుందా (ఇంట్రోవర్ట్), బయటి మనుషుల వైపు పోతుందా (ఎక్స్‌ట్రోవర్ట్) అన్నదే ఆయన చూసింది. తర్వాత అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ దాన్ని పట్టుకుని టెస్ట్ తయారుచేశారు, మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టేది అదే. ఫోన్లో వచ్చేవాటిలో చాలా వరకు దాని పోలికవే. నాకు నచ్చనిదేంటంటే, మధ్యలో గీత గీసి అటోళ్లు ఇటోళ్లు అని చీల్చేస్తుంది, గీతకి కాస్త అటున్న పిల్లా కాస్త ఇటున్న పిల్లా దాదాపు ఒకటే అయినా పేర్లు మాత్రం వేరే వచ్చేస్తాయి, కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే రిజల్ట్ మారిపోయేవాళ్లు చాలామందే. రీసెర్చ్‌లో ఎక్కువ వాడేది, స్వభావాన్ని ఐదు కోణాల్లో కొలిచే బిగ్ ఫైవ్ అనే పద్ధతి, అందు‌లో ఆ గీత ఉండదు, స్కేలు మీద ఎంత అన్నదే, ఎక్కువమంది నడిమధ్య చుట్టుపక్కలే ఉంటారు.

సరే, మీరు రాసిందే చూడండి. రెండు గంటలు కబుర్లు చెప్పింది అన్నారు కదా! మాటలు రాని పిల్ల కాదమ్మా, అందరి కళ్లూ తనమీద పడే చోటు కన్నా ఒక మనిషి పక్కన కూర్చుని చేతికి పనుండే చోటు ఆమెకి హాయి. అట్టాగని ఆ టెస్ట్‌ని లీవ్ లెటర్ లాగా చూపించి అన్నీ ఎగ్గొడతానంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఒక్కటి మెల్లగా అడగండి, మాట్లాడాలని ఉండి కూడా గుండె దడదడలాడి, చేతులు చెమటలు పట్టి వైవాకి కూడా పోవట్లేదా? అది భయం, ఇంట్రోవర్ట్ అవడం వేరు. అట్టా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఉద్యోగం సంగతంటారా, గ్రూప్ డిస్కషన్ ప్రాక్టీస్ హాస్టల్ రూమ్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తోనే మొదలుపెట్టమనండి, తర్వాత నలుగురు, ఐదుగురు. ఇంకో మాట, ఇంటికొచ్చినవాళ్ల ముందు మా పాప ఎవరితోనూ మాట్లాడదండీ అని అనకండి, పక్క గదిలోకి వినపడతది. మీవారికి కూడా చెప్పండి.