సంవాదం, వాగ్వాదం ఒకటి కావు

అమ్మడూ,

నీ సభా నివేదిక చదివాను. భాష చక్కగా ఉంది, కానీ "ఇద్దరు వక్తల మధ్య తీవ్ర సంవాదం జరిగి సభ రసాభాస అయింది" అన్నచోట నీకు కావలసిన మాట వాగ్వాదం. చివర వాదం ఉంది కదా అని ఈమధ్య చాలామంది సంవాదాన్ని గొడవ కింద జమకట్టేస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఒకరు చెప్పింది రెండోవారు పూర్తిగా విని, దాన్ని పట్టుకునే జవాబిస్తూ ముందుకు సాగే మాటలనే సంవాదం అంటాం. సంస్కృతంలో దీనికి పొందిక అనే అర్థం కూడా ఉంది, అందుకే పొసగకపోవడాన్ని విసంవాదం అన్నారు. సంగీతంలో కూడా వాది స్వరంతో, అంటే రాగంలో ప్రధానమైన స్వరంతో, పొందికగా పలికేది సంవాది, పొసగనిది వివాది.

అలాగని తలూపుతూ కూర్చోవడమూ కాదు. గీతలో ప్రతి అధ్యాయం చివరా "శ్రీకృష్ణార్జునసంవాదే" అని వస్తుందా, మూడో అధ్యాయం మొదట్లోనే చూడు, కర్మకంటే జ్ఞానమే గొప్పదని నీ అభిప్రాయమైతే నన్ను ఈ ఘోరమైన పనిలోకి ఎందుకు దింపుతున్నావని అర్జునుడు నిలదీస్తాడు, కృష్ణుడు ఆ ప్రశ్ననే అందుకుని జవాబు చెబుతాడు. చివరికి ఒప్పుకుని తీరాలన్న నియమం కూడా లేదు. ఋగ్వేదం 10వ మండలంలోని యమయమీ సూక్తాన్ని సంవాద సూక్తమనే అంటారు, అందులో యమి తనతో కలవమని ఎంత అడిగినా తోబుట్టువైన యముడు ఒప్పుకోడు.

కాబట్టి రాసేముందు, అక్కడ ఇద్దరూ ఒకరి మాట ఒకరు విన్నారా లేదా అని చూసుకో. ఒకరు అడగడం, ఇంకొకరు చెప్పడం మాత్రమే అయితే ముఖాముఖి అను. నలుగురు కూర్చుని ఒక సమస్య తేల్చుకుంటే చర్చ, నిర్ణయానికి ముందు అవతలివాళ్ల మాట కనుక్కుంటే సంప్రదింపులు, తలుపులేసుకుని మాట్లాడుకుంటే మంతనాలు. పెద్దమనుషులు లాంఛనాలు పక్కనపెట్టి మాట్లాడితే ఇష్టాగోష్ఠి ఉండనే ఉంది. ఫోన్‌లో స్నేహితురాలితో చెప్పుకున్న కబుర్లను సంవాదం అంటే మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆ మాటకున్న బరువు వేరు.

ఇంకొకటి, "పరస్పర సంవాదం" అని రాయకు, పరస్పరం అందులోనే ఉంది. "సంవాదించారు" తప్పు కాదు గానీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది, "సంవాదం సాగింది" అంటే హాయిగా నడుస్తుంది. ఎవరెవరి మధ్య, దేనిమీద అన్నది కూడా అదే వాక్యంలో చెప్పెయ్యి.

ఆశీస్సులతో,
బాబాయ్