మేడ్చల్ ఫ్లాట్‌కు చేతిలో ఎంత ఉండాలి?

12 లక్షల పొదుపుతో మేడ్చల్‌లో ఇంకా కడుతున్న 60 లక్షల ఫ్లాట్ తీసుకోవచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ఈ ధరకు బ్యాంకు 80 శాతం దాకానే, అంటే 48 లక్షలే ఇస్తుంది. మిగతా 12 మీ దగ్గరున్నాయి, సరే. 5 శాతం జీఎస్టీ అంటే 3 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు దాదాపు 4.5 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? వీటి కోసమే పర్సనల్ లోన్ తీసుకుని నేను రెండేళ్లు టెన్షన్ పడ్డాను. ఆ 48 లక్షల బ్యాంకు లోన్‌కు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల ఈఎంఐ నెలకు సుమారు 41,650. తాళం చేతికొచ్చేదాకా అద్దె అదనం.

ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన ఫ్లాట్‌కు జీఎస్టీ ఉండదు, అలాంటిదే చూడండి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2023లో మేడ్చల్ దాకా వచ్చింది కానీ, మీ సికింద్రాబాద్ ఆఫీసు టైముకు రైలుందా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక సోమవారం పొద్దున కొంపల్లి, సుచిత్ర మీదుగా బండిపై వెళ్లి చూడండి.