ఇసుకకు రంగు అద్దకు

చిరంజీవి అమ్మాయికి,

పలక మీద ఇసుక అతికించి నువ్వు వేసిన ఎడారి చిత్రం ఫొటో చూశాను. దూరపు కొండల వరుస ముచ్చటగా ఉంది. ముందున్న దిబ్బ మాత్రం మనసుకు పట్టలేదు. అది రంగు అద్దిన ఇసుకని చూడగానే తెలిసిపోయింది. అందులో రేణువులన్నీ ఒకే నారింజ రంగులో ఉంటాయి. ఎడారి ఇసుకను చిటికెడు తీసి భూతద్దం కింద పెట్టి చూడు. ఎర్రటి వాటి మధ్య పసుపువి, గాజుముక్కల్లా మెరిసేవి, అక్కడక్కడా మిరియపు పొడిలాంటి నల్లనివి. ఆ కలగలుపే దూరం నుంచి ఎండలా కనిపిస్తుంది.

కావలసిన ఛాయలు దొరకడం లేదని రాశావు. పసుపు ఇసుక ఒక్కటి ఉంటే చాలమ్మా. దానికి ఆ రంగునిచ్చే ఇనుప ఖనిజంలో నీటి అంశం ఉంటుంది. సుమారు 300 డిగ్రీల వేడికి ఆ నీరు పోయి ఇసుక ఎర్రబడుతుంది. తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, ఆరబెట్టి, వంటకు వాడని ఇనుప మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ వేయించు. రంగు మారడం మొదలవగానే కాస్త కాస్త తీసి కాగితాల మీద వరుసగా పోసుకో. ఒకసారి నాకు అలా ఏడు ఛాయలు వచ్చాయి. సాయంత్రం దాకా వాటిని చూస్తూ కూర్చున్నాను. తెల్లటి జిప్సం ఇసుకను మాత్రం వేయించకు, పిండైపోతుంది.

మెత్తటి ఇసుకను, ముతకదాన్ని వేరుచేయడానికి జల్లించేటప్పుడు మంచి మాస్కు పెట్టుకుని తీరాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఇసుకలో ఉండే సిలికా అనే ఖనిజపు కంటికి కనిపించని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. అది నయమయ్యే జబ్బు కాదు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

ఇక దిబ్బ ఆకారం. రెండు వైపులా ఒకే వాలు గీశావు. గాలి వీచే వైపు వాలు మెల్లగా లేస్తుంది, అవతలి వైపు ఒక్కసారిగా దిగుతుంది. ఆ దిగుడైనా దాదాపు 34 డిగ్రీలు దాటదు, దాటితే ఇసుక జారిపోతుంది. పొడి ఇసుకను పళ్లెంలో సన్నని ధారగా పోసి చూడు, కుప్ప అంచు ఆ వాలును తానే చూపిస్తుంది.

జిగురు ఒకేసారి పలకంతా పూయకు. ముందు ఆకాశం, తర్వాత కొండలు, చివరికి దగ్గరి దిబ్బ. ఒక్కో భాగానికి పూసి, ఇసుక చల్లి, ఆరాక పలకను నిలబెట్టి వెనక వేలితో తట్టు. రాలిన ఇసుకను తిరిగి సీసాలో పోయకు, ఛాయలు కలిసిపోతాయి. దాన్ని వేరే డబ్బాలో దాచు, చిత్రంలో ముందుభాగపు నేలకు పనికొస్తుంది. దూరానికి మెత్తటి ఇసుక, దగ్గరికి ముతకది. నీడకు నల్ల ఇసుక జోలికి పోకు, బాగా వేగిన ముదురు ఎరుపు చాలు.

పైన వార్నిష్ కొట్టాలా అని అడిగావు. నేను కొట్టను. తడిసిన ఇసుకలా రంగులన్నీ నల్లబడతాయి. అద్దం బిగించు, ఇసుకకు తగలకుండా వేలెడు ఎడం ఉంచు.

ఈ చిత్రాన్ని పారేయకు. దిబ్బ ఒక్కటీ గీకేసి మళ్లీ వేసి, ఫొటో పంపు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న