రోటరీ టాటూ మెషీన్‌లో మోటార్ పోయింది, 12 వోల్టులది ఏదైనా వేసుకోవచ్చా?

ఏదైనా అంటే కుదరదండీ. పాత మోటార్ మీద 12 వోల్టులు అన్న ముక్క తప్ప మిగతా అక్షరాలన్నీ చెరిగిపోయాయని, అదే సైజులో ఇంకో 12 వోల్టుల మోటార్ తెచ్చి బిగిస్తే చాలా అని అడిగారు. నేను టాటూలు వేస్తాను. నా మెషీన్లు నేనే విప్పి బాగుచేసుకుంటాను, తోటివాళ్లవి కూడా అప్పుడప్పుడూ నా బల్ల మీదకి వస్తుంటాయి. వోల్టులు కలిసినా పని కుదరని మోటార్లు బోలెడు చూశాను.

అసలు మోటార్ పోయిందో లేదో ముందు తేల్చుకోండి. ‘మోటార్ కాలిపోయింది’ అని నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటికి రోగం మోటార్‌లో ఉండదు. కరెంటు వైరు గుచ్చే ఆర్‌సీఏ జాక్ దగ్గర టంకం ఊడి ఉంటుంది, లేదంటే ఆ వైరు లోపల తీగ తెగి ఉంటుంది. వైర్లు విప్పేసి ఒక 9 వోల్టుల బ్యాటరీని నేరుగా మోటార్ టెర్మినల్స్‌కి తాకించండి. తిరిగితే మోటార్‌ది తప్పు కాదు. తిరక్కపోతే గ్లోవ్స్ వేసుకుని, క్యామ్ (మోటార్ తిరుగుడుని సూది కిందకీ పైకీ కదలికగా మార్చే చిన్న చక్రం) తీసేసి షాఫ్ట్‌ని, అంటే మోటార్ ఇరుసుని, వేళ్లతో తిప్పి చూడండి. గరగరలాడుతున్నా, బిగుసుకుపోయినా లోపలికి ఇంకు దిగి ఎండిపోయి ఉండొచ్చు. అలాంటిదాన్ని కడిగి బతికించే ప్రయత్నం వద్దు. ఇంకుతో పాటు ఎవరి రక్తమో కూడా దిగి ఉండొచ్చు, మోటార్‌ని ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములని చంపే యంత్రం) పెట్టలేం కదా.

ఇక కొత్తది. నన్నడిగితే ముందు చూడాల్సింది వోల్టుకి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. మామూలు రోటరీలో మోటార్ ఒక చుట్టు తిరిగితే సూది ఒకసారి దిగి లేస్తుంది. సెకనుకి 100 నుంచి 150 సార్లు దిగాలంటే నిమిషానికి 6,000 నుంచి 9,000 చుట్లు కావాలి. మనం మెషీన్ నడిపేది ఎక్కువగా 6 నుంచి 9 వోల్టుల మధ్య, 12 దగ్గర కాదు. డీసీ మోటార్ వేగం దాదాపు వోల్టేజీ ఎంత పెంచితే అంత పెరుగుతుంది. కాబట్టి డేటాషీట్‌లో ఉన్న నో-లోడ్ ఆర్‌పీఎంని (ఏ బరువూ లేకుండా నిమిషానికి తిరిగే చుట్లు) దాని వోల్టులతో భాగించండి. 12 వోల్టులకి 12,000 అని ఉంటే వోల్టుకి వెయ్యి. ఏడున్నర దగ్గర 7,500, లోడ్ పడితే ఇంకాస్త తక్కువ. ఇది మనకి పనికొచ్చే లెక్క.

అదే 12 వోల్టులకి 5,000 తిరిగేది తెచ్చారనుకోండి. 8 వోల్టుల దగ్గర సూది సెకనుకి 55 సార్లు కూడా దిగదు. చెయ్యి మామూలు వేగంతో కదిపితే గీత చుక్కలు చుక్కలుగా వస్తుంది, సూది చర్మాన్ని పట్టి లాగుతుంది. దీనికి పూర్తి ఉల్టా బొమ్మల మోటార్లు. 6 వోల్టులకే 15,000 తిరిగేదైతే దాన్ని 3 వోల్టులకి దించి నడపాలి. అక్కడ బలం ఉండదు, సూది చర్మానికి తగలగానే నీరసపడిపోతుంది. పైగా పవర్ సప్లైలో 0.1 వోల్టు మారిస్తే 250 చుట్లు మారిపోతాయి, ఇక వేగం కుదురుగా ఎలా ఉంటుంది?

వేగం సరిపోయినవాటిలో టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కువున్నది తీసుకోండి. కార్ట్రిడ్జ్‌లు (తొడుగుతో సహా వచ్చే సూదులు) వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే లోపలి రబ్బరు పొరని కూడా మోటారే ప్రతిసారీ తొయ్యాలి. పెద్ద మ్యాగ్నమ్ (చాలా సూదులు పక్కపక్కన ఉండే వెడల్పు గుత్తి) పెట్టి షేడింగ్ చేస్తే ఇంకా లోడ్. డబ్బు పెట్టగలిగితే కోర్‌లెస్ మోటార్ (తిరిగే భాగంలో ఇనుప కోర్ లేనిది) మేలు. షాఫ్ట్ తిప్పితే తేడా చేతికే తెలుస్తుంది. మామూలు ఇనుప కోర్ మోటార్ పాత ఫ్యాన్ రెగ్యులేటర్‌లా ఆగి ఆగి తిరుగుతుంది, కోర్‌లెస్ ఎక్కడా తట్టుకోకుండా జారిపోతుంది. బాల్ బేరింగ్ ఉన్నదైతే మరీ మంచిది, క్యామ్ ఆ షాఫ్ట్‌ని ఎప్పుడూ పక్కకి లాగుతూనే ఉంటుంది మరి. గేర్‌బాక్స్ ఉన్న మోటార్ల జోలికి పోవద్దు. బ్రష్‌లెస్ మోటార్‌కి విడిగా డ్రైవర్ (దాన్ని నడిపే సర్క్యూట్) కావాలి, పాతది తీసి ఇది పెట్టేస్తానంటే కుదరదు.

మోటార్ మారిస్తే స్ట్రోక్, అంటే సూది కిందకీ పైకీ కదిలే దూరం, మారదు, అది క్యామ్‌లో ఉంటుంది. క్యామ్ మీది పిన్ను మధ్య నుంచి 1.75 మిల్లీమీటర్లు పక్కకుంటే స్ట్రోక్ 3.5. అందుకే పాత క్యామ్ ఎక్కేలా షాఫ్ట్ మందాన్ని కాలిపర్‌తో కొలవండి. స్కేలుతో కొలిస్తే 1.5కీ 2కీ తేడా సరిగ్గా తెలీదు. ముందువైపు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కూడా కలవాలి. పొడుగు స్క్రూ వేశారా, లోపల కాయిల్‌కి గుచ్చుకుని కొత్త మోటార్ అక్కడే పోతుంది. టంకం పెట్టేటప్పుడు ఐరన్ తాకించి చటుక్కున తీసెయ్యండి, టెర్మినల్స్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొందరగా కరుగుతుంది.

బిగించాక మనిషి మీద కాదు, ప్రాక్టీస్ స్కిన్ మీద అరగంట ఆపకుండా నడపండి. మోటార్ గోరువెచ్చగా ఉంటే పర్లేదు. పట్టుకోలేనంత వేడెక్కితే క్యామ్ ఎక్కడైనా ఫ్రేమ్‌కి రాసుకుంటోందేమో చూడండి, అదేం లేకపోతే ఆ లోడ్‌కి మోటార్ చాలట్లేదు.