లారీ బ్యాటరీలకు సోలార్: సగం జతకే చార్జింగ్ ఇస్తే ఇంతే

అన్నా, 100 వాట్ల ప్యానెల్ పెట్టినా నాలుగు రోజులు లోడు కోసం ఆగితే సెల్ఫ్ తిరగట్లేదన్నారు కదా. తప్పు ప్యానెల్‌ది కాదు. మీ బండి 24 వోల్టులది, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో (ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కు కలిపి) ఉంటాయి. మీరు 12 వోల్టుల చార్జింగ్ ఒక్కదానికే ఇచ్చారు. అది నిండుగా ఉంటే రెండోది రోజూ దిగిపోతోంది. బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చేది) ఇచ్చే 28 వోల్టులు కూడా సమంగా పంచుకోలేవు: నిండినది మరిగి నీళ్లు తాగేస్తుంది, ఖాళీదానికి సల్ఫేషన్ పడుతుంది, అంటే ప్లేట్ల మీద తెల్లటి పొర గట్టిపడి చార్జ్ పట్టదు.

ముందు రెండింటినీ విడదీసి, విడివిడిగా ఫుల్ చార్జ్ చేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మీటర్ పెడితే ఒక్కోటి 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఒకటి 12.4 కూడా నిలవకపోతే జత మొత్తం మార్చాల్సిందే; పాతదానికి కొత్తది కలిపితే కొత్తదీ పాడవుతుంది.

తర్వాత అలాంటిదే ఇంకో ప్యానెల్ కొని, రెండూ సిరీస్ చేయండి. ఎండలో ఖాళీ వోల్టేజ్ (ప్యానెళ్లకు ఏమీ కలపనప్పటిది) 44 దాకా వస్తుంది కాబట్టి 50 వోల్టులు తట్టుకునే 10 ఆంపియర్ల 24 వోల్టుల కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును అదుపు చేసి బ్యాటరీకి ఇచ్చే డబ్బా) చాలు. దాని బ్యాటరీ వైర్లు జత రెండు చివరలకే, రెండు బ్యాటరీలను కలిపే మధ్య లింకుకు వద్దు. బ్యాటరీ ప్లస్ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజ్, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. ముందు బ్యాటరీ కలపండి, ప్యానెల్ ఆఖర్న.

మ్యూజిక్ సిస్టమ్‌కు మధ్య నుంచి 12 వోల్టులు లాగి ఉంటే అదీ తీసేసి 24 నుంచి 12 వోల్టులు చేసే కన్వర్టర్ పెట్టండి, లేదంటే మళ్లీ ఇదే గోల.