ఫోను జీపీఎస్‌తో పొలం కొలిస్తే ఎంతవరకు నమ్మవచ్చు?

ఎందుకు కొలుస్తున్నారన్నదే అసలు సంగతి. ఆకాశం బాగా కనిపించే చోట ఫోను సాధారణంగా 5 మీటర్ల వరకు తేడా చూపుతుంది; చెట్ల కింద, గోడల పక్కన అది ఇంకా పెరుగుతుంది. మట్టి నమూనా తీసిన చోటు, బోరు, తెగులు కనిపించిన మూల గుర్తు పెట్టుకోవడానికి ఇది చాలు. గట్టు తగాదా తేల్చడానికి మాత్రం ఫోనును నమ్మవద్దు. దానికి సెంటీమీటర్ల ఖచ్చితత్వం గల ఆర్‌టీకే పరికరం (స్థిర కేంద్రం నుంచి అందే సవరణలతో పనిచేసే జీపీఎస్), సర్వేయరు కావాలి.

మడి చిన్నదైనకొద్దీ ఇబ్బంది ఎక్కువ. 20 మీటర్ల వెడల్పులో 5 మీటర్లంటే నాలుగో వంతు! గబగబా చుట్టూ నడిచే బదులు ప్రతి మూలలో కాసేపు ఆగి, నాలుగైదు రీడింగుల సగటు తీసుకోండి. అక్షాంశ రేఖాంశాలను దశాంశ డిగ్రీల్లో, బిందువు తర్వాత కనీసం ఐదు స్థానాల వరకు రాయండి. ఐదో స్థానంలో ఒక అంకె మారితే అక్షాంశంలో సుమారు 1 మీటరు జరుగుతుంది, నాలుగో స్థానంలో అయితే 11 మీటర్లు.